నెమ్మదిగా దించు

మూత్రం ట్యూబు బయటికి లాగి ట్రేలో పడేశాక, చేతి తొడుగులు విప్పుతూ సిస్టరు ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది.

"నీళ్లు తాగుతూ ఉండండి బాబాయ్. వస్తున్నట్టు అనిపించగానే చెప్పండి. ఆపుకోవద్దు."

మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న అతని భార్య నవ్వింది.

"ఆపుకోవద్దన్న మాట పెళ్లయిన కొత్తలోనే ఎవరైనా చెప్పాల్సిందమ్మా."

"మీరు చెప్పలేదా పిన్నీ?"

"నేను చెబితే వినే మనిషైతే ఇక్కడికెందుకొస్తారు?"

అతను నీళ్ల సీసా ఎత్తాడు. తాగి, మూత బిగించి, ఒళ్లో పెట్టుకున్నాడు. మంచం కిటికీ పక్కన. కిటికీలోంచి చూస్తే ఇళ్ల కప్పుల మీదుగా ఒక టవర్ క్రేన్ కనపడుతుంది. దాని చెయ్యి ఆసుపత్రి వైపు తిరిగినప్పుడల్లా అతని చూపు అటే పోతోంది. అందులో అతని సీట్లో ఇప్పుడు వేరేవాడున్నాడు. తిప్పడం చూస్తేనే తెలుస్తోంది. బరువు ఆగకముందే వెనక్కి లాగుతున్నాడు. కొక్కెం ఊగుతోంది.

సైట్లో అతన్ని అందరూ పైవాడు అంటారు. ఇటుకలు పైకి పోవాలన్నా, ఇనుము కిందికి రావాలన్నా అంతా పైవాడి దయ. కింద నిలబడి చేతి సైగలతో అతనికి దారి చూపించేవాడు కాబట్టి సిగ్నల్‌మన్‌కి కిందవాడన్న పేరు దానంతటదే వచ్చింది. ఇప్పుడు పైవాడు మూత్రం ఆగిపోయి కిందికి వచ్చి, ఆసుపత్రి చారల చొక్కా తొడుక్కుని, ఒంటికి ఎప్పుడొస్తుందా అని కూర్చున్నాడు.

"వచ్చిందా?" అని ఎదురు మంచం ఆయన అడిగాడు. కిడ్నీలోంచి తీసిన రాళ్లను చిన్న సీసాలో దాచుకుని, వార్డులోకి కొత్తగా ఎవరొచ్చినా గలగలలాడించి చూపిస్తాడు. అందుకని ఆయన రాళ్లాయన.

"రాలేదు."

"నాకైతే నీళ్లు చూస్తేనే వచ్చేస్తుంది."

"మీరు చూడకండి అయితే," అంది అతని భార్య.

సిస్టరు స్కానరు తోసుకుంటూ వచ్చింది. బొడ్డు కింద జెల్లీ రాసి, పిడికెడంత పరికరం ఆనించి, తెర వైపు చూసింది. అతను ఆమె ముఖం వైపు చూశాడు. క్రేన్ ఎక్కి ఇన్నేళ్లయ్యాక, ఎదుటి మనిషి మాట కంటే ముందు ముఖం కదలిక చూడటం అతనికి అలవాటైపోయింది.

"బాగానే నిండింది బాబాయ్. ఏమీ అనిపించట్లేదా?"

"లేదమ్మా."

"బరువుగా? పొంగినట్టు?"

అతను నిజంగానే ఆలోచించాడు. చేయి పెట్టి చూసుకున్నాడు. "చల్లగా ఉంది," అన్నాడు. అది జెల్లీ.

పెద్ద డాక్టరు మేడమ్ గారి స్టడీ ఈ ట్యూబు గురించే. ట్యూబు తీసేముందు దాంట్లోంచి ఉప్పునీరు ఎక్కించి బ్లాడరు నింపితే మంచిదా, ఖాళీగా తీసేసి దానంతటది నిండేదాకా చూస్తే మంచిదా అన్నది తేల్చాలి. ఎవరు ఏ జట్టులో ఉండాలో కంప్యూటరు చెబుతుంది. అతను రెండో జట్టులో పడ్డాడు. జట్టు ఏదైనా రోగికి చెప్పే మాట ఒకటే. వస్తున్నట్టు అనిపించగానే చెప్పండి. మూడు అవకాశాలిస్తారు. మొదటిసారి అతనికి రాలేదు. ఇది రెండోది. ఇదంతా విని సంతకం పెట్టేటప్పుడు అతను అడిగింది ఒక్కటే, మళ్లీ క్రేన్ ఎప్పుడెక్కొచ్చని.

మళ్లీ స్కానరు వచ్చింది. మళ్లీ జెల్లీ. ఈసారి సిస్టరు పెదవి కొరుక్కుని చిన్న డాక్టర్ని పిలిచింది. చిన్న డాక్టరు తెర చూసి, "ఇంతున్నా ఏమీ తెలియట్లేదా? వెళ్లి ట్రై చేయండి," అన్నాడు.

మరుగుదొడ్డిలో అతను కొలత చెంబు ముందు నిలబడ్డాడు. బయట భార్య, సిస్టరు, చిన్న డాక్టరు. వాళ్ల వెనక రాళ్లాయన. సిస్టరు కుళాయి తిప్పింది. రాళ్లాయన ఈల వేశాడు. చిన్న డాక్టరు తలుపు మీద కొట్టి, "ముక్కండి, గట్టిగా ముక్కండి," అన్నాడు. అతను గోడకు చెయ్యానించి ముక్కాడు. మెడ నరాలు లేచాయి. చెంబు పొడిగానే ఉంది.

మళ్లీ ట్యూబు పెట్టారు. పెట్టగానే సంచి నిండింది. సిస్టరు దాన్ని వంచి ఖాళీ చేస్తే మళ్లీ సగం నిండింది. అతను పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు.

రౌండ్లకు మేడమ్ వచ్చినప్పుడు చిన్న డాక్టరు మంచం కాళ్ల వైపు నిలబడి, "రెండోసారీ ఫెయిల్ మేడమ్. అంత నిండినా చెప్పలేదు. పేషెంటు సహకరించట్లేదు," అన్నాడు.

అతను తల తిప్పి చూశాడు. చిన్న డాక్టరు అప్పటికే పక్క మంచం వైపు తిరిగాడు. అతని క్రేన్ కొక్కానికి వేలాడిన బరువు ఏదీ ఇంతవరకు ఎవరి మీదా పడలేదు. గోడకు గీత కూడా పెట్టలేదు. కింద నుంచి ఏ చెయ్యి ఏం చెప్పినా అతని మీట అదే చేసింది. సహకరించట్లేదన్న మాట అతని గురించి ఇంతకుముందు ఎవరూ అనలేదు.

"మేడమ్," అన్నాడు. "మూడోసారీ రాకపోతే?"

"ట్యూబు ఉంచాలి. లేదా మీ అంతట మీరే రోజూ ట్యూబు పెట్టుకుని తీసుకోవడం నేర్పిస్తాం. చాలామంది అలా బాగానే బతుకుతున్నారు."

"దాంతో క్రేన్ ఎక్కొచ్చా?"

మేడమ్ కిటికీలోంచి బయటికి చూసింది. "అదేనా మీది? నిచ్చెనతోనే ఎక్కాలా?"

"నిచ్చెనే."

"ఎక్కనివ్వరు," అంది.

*

సాయంత్రం చూడ్డానికొచ్చేవాళ్ల వేళకు కిందవాడు వచ్చాడు. మెరిసే పట్టీల జాకెట్టు విప్పలేదు, హెల్మెట్టు చంకలో ఉంది. రోజంతా చేతులతో మాట్లాడే మనిషి కాబట్టి నోటితో మాట్లాడేటప్పుడు కూడా చేతులు ఊరుకోవు.

"నీ బండి మీద ఎవడో కొత్తవాణ్ణి ఎక్కించార్రా. నిన్న కాంక్రీటు బకెట్టు తీసుకెళ్లి గోడకి తగిలించాడు. నేను ఆపమని చెయ్యి ఊపుతున్నా. వాడు నాకు టాటా చెబుతున్నాడు."

అతను నవ్వాడు. ఆసుపత్రికి వచ్చాక అదే మొదటిసారి. నవ్వితే ట్యూబు లాగింది.

"కిటికీలోంచి చూస్తూనే ఉన్నా. ఊపు చావకముందే వెనక్కి లాగుతున్నాడు."

"వాడి సంగతి సరే. నీ సంగతేంటి?"

"ఈయన సంగతి నేను చెబుతా అన్నయ్యా," అంది భార్య. "ఆకలేస్తే తెలీదు, నేను గిన్నె ముందు పెట్టాలి. జ్వరమొస్తే తెలీదు, నేను నుదురు ముట్టుకుని చెప్పాలి. ఇప్పుడిదీ తెలీదట. డాక్టర్లేమో ఈయనకి తెలిసేదాకా ఆగుదామంటున్నారు. అయ్యే పనేనా?"

సిస్టరు మంచం పక్కన కూర్చుని సంచిలోది జగ్గులోకి వంపుతోంది. తలెత్తకుండానే అడిగింది.

"ఇంటి దగ్గర కూడా తెలియదా బాబాయ్?"

"ఇంటి దగ్గర వెళ్తానుగా. సాయంత్రం దిగ్గానే వెళ్తా."

"వచ్చిందని వెళ్తారా?"

"దిగాను కదా అని వెళ్తా."

సిస్టరు చేతిలో జగ్గు ఆగిపోయింది. "మరి పైన ఉన్నప్పుడు వస్తే?"

"మొదట్లో వచ్చేది. ఆగమనేవాణ్ణి, ఆగేది. తర్వాత్తర్వాత రావడం మానేసింది."

"గుమ్మంలోంచే పంపించేస్తే ఏ చుట్టమైనా ఎన్నాళ్లొస్తాడు?" అంది భార్య.

"దిగడానికి లేదమ్మా," అన్నాడు కిందవాడు సిస్టరుతో. "వీడు దిగి మళ్లీ ఎక్కేదాకా సైటంతా ఖాళీ. ఇంజనీరు నా మీద పడతాడు. పైన పని కానిద్దామంటే చుట్టూ అద్దాలు, కింద ఆడవాళ్లు ఇసుక మోస్తుంటారు. కొందరు సీసాలు పట్టుకెళ్తారు. వీడికి సిగ్గు. అందుకని నీళ్లే మానేశాడు. పొద్దున ఒక గుక్క, మళ్లీ దిగాకే."

"పైనుంచి మీకు కింద అంతా కనపడుతుందా?" సిస్టరు అడిగింది. ఆ ప్రశ్న ఎందుకడిగిందో ఆమెకే సరిగా తెలిసినట్టు లేదు. జగ్గు ఇంకా చేతిలోనే ఉంది.

"సగం కనపడదు. గోడ అవతలికి దించాలంటే అసలేమీ కనపడదు. బ్లైండ్ లిఫ్ట్ అంటాం. అప్పుడు వీడి చెయ్యే నాకు కన్ను."

"కనపడట్లేదని దించకుండా ఉండరుగా?"

"ఉంటే ఎలా? బకెట్టు గాల్లోనే ఉండిపోతుంది. కనపడేదాకా ఆగితే ఇక దింపేదేముంది? చెయ్యి ఎలా చెబితే అలా దించుతా."

సిస్టరు లేచింది. తలుపు దాకా వెళ్లి, చేతిలో జగ్గు ఉన్న సంగతి గుర్తొచ్చి వెనక్కి వచ్చి, దాన్ని పారబోసి, కడిగి, అప్పుడు మేడమ్ గది వైపు వెళ్లింది.

మేడమ్ వచ్చేసరికి చూడ్డానికొచ్చినవాళ్లను పంపించే గంట మోగింది. కిందవాడు లేవబోతే, "మీరుండండి," అని ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. వెనక చిన్న డాక్టరు, సిస్టరు నిలబడ్డారు.

"బ్లైండ్ లిఫ్ట్ ఎలా చేస్తారో చెప్పండి."

కిందవాడు చెప్పలేదు, చూపించాడు. మంచాల మధ్య నిలబడి చూపుడువేలు పైకెత్తి సున్నా చుట్టాడు. ఎత్తు. వేలు కిందికి దించి చుట్టాడు. దించు. ఎడమ అరచేయి బోర్లించి, దాని కింద కుడి చూపుడువేలు మెల్లగా తిప్పాడు. నెమ్మదిగా దించు. రెండు చేతులూ పొట్ట ముందు కలిపి పట్టుకున్నాడు. అలాగే ఉండు, చూద్దాం. చెయ్యి పక్కకు చాచి, అరచేయి నేలవైపు పెట్టి, అటూ ఇటూ కోశాడు. ఆపు.

"నెమ్మదిగా దించమన్నప్పుడు మీరు పైన ఏం చేస్తారు?" మేడమ్ అతన్ని అడిగింది.

"ఏమీ చెయ్యం. బరువు దానంతటదే దిగుతుంది. మనం బ్రేకు కొంచెం వదలడమే. తోస్తే ఊగుతుంది."

మేడమ్ చిన్న డాక్టరు వైపు తిరిగింది. "నువ్వేమో ముక్కమన్నావు."

చిన్న డాక్టరు నేల చూశాడు.

"బ్లాడరు ఎలాస్టిక్ లాంటిది," అంది ఆమె అతనితో. "మరీ సాగితే మళ్లీ ముడుచుకోలేదు. మీకు అనిపించడం ఎప్పుడో పోయింది. అనిపించేదాకా ఆగమని రెండుసార్లూ మేమే దాన్ని సాగదీశాం. సాగకముందే, స్కానరు చూసి మిమ్మల్ని పంపించాలి. మీకు అనిపించినా అనిపించకపోయినా."

"కానీ మేడమ్," అన్నాడు చిన్న డాక్టరు. గొంతులో మొండితనం లేదు, కంగారు ఉంది. "స్టడీలో అందరికీ ఒకటే మాట చెప్పాలని మనమే రాసుకున్నాం. ఈయనకొక్కరికి మారిస్తే ఈయన పనికిరారు. గడువు దగ్గరపడుతోంది, అనుకున్నంత మంది ఇంకా దొరకలేదు."

"నిజమే. మార్చకూడదు."

అతని భార్య కొంగు చివర వేలికి చుట్టుకుంది. కిందవాడు రెండు చేతులూ పొట్ట ముందు కలిపి అలాగే ఉన్నాడు.

"అందుకని ఈయన్ని తీసెయ్," అంది మేడమ్. "ఈయనకి ఇష్టమైతే. ఏమండీ, స్టడీలోంచి బయటికొస్తారా? వచ్చినా వైద్యం ఇదే వార్డులో, ఇదే సిస్టరు."

"క్రేన్ ఎక్కడానికి ఏది దారైతే అది మేడమ్."

"మాట ఇవ్వలేను. ప్రయత్నం చేస్తాం." ఆమె మళ్లీ చిన్న డాక్టరుతో అంది. "ఇకనుంచి ఈయన మన స్టడీలో లేరు. మన వార్డులో ఉన్నారు."

"రెండుసార్లూ ఫెయిలని ఉంచనా?"

"ఉంచు. ఫెయిలయింది మనం చెప్పిన మాట అని కూడా రాయి. స్టడీ కమిటీ ముందు నేను చెప్పుకుంటాను. ఇంతకుముందు ఫెయిలైనవాళ్లు ఎవరెవరో గుర్తున్నారా?"

చిన్న డాక్టరు వేళ్లు మడిచాడు. "బస్సు డ్రైవరు. స్కూలు టీచరు. టికెట్ కౌంటర్లో కూర్చునే ఆయన..." నాలుగో వేలు మడవబోయి ఆగిపోయాడు. అందరూ మధ్యలో లేవడానికి వీల్లేని పనులు చేసేవాళ్లే.

"వాళ్లని మళ్లీ పిలిపించు," అంది మేడమ్, లేస్తూ.

*

సాగినదానికి విశ్రాంతి కావాలని రెండు రోజులు ట్యూబు అలాగే ఉంచారు. మూడో పొద్దున తీశారు. ఈసారి సిస్టరు ఆ పాత మాట చెప్పలేదు.

"నీళ్లు మామూలుగా తాగండి బాబాయ్. మీరేమీ చెప్పక్కర్లేదు. నేనే చెబుతా."

రాళ్లాయనకి ఆ రోజు ఇంటికి వెళ్లిపొమ్మని చెప్పారు. సంచి సర్దుకుని, చెప్పులు వేసుకుని, మంచం మీదే కూర్చున్నాడు. "ఈయన సంగతి తేలాక వెళ్తా," అన్నాడు. ఆయన కొడుకు బయట ఆటో ఆపుకుని రెండుసార్లు వచ్చి చూసిపోయాడు.

స్కానరు వచ్చింది. సిస్టరు తెర చూసి, "వెళ్లండి," అంది.

"ఏమీ అనిపించట్లేదే."

"అనిపించక్కర్లేదు. వెళ్లండి."

వెళ్లాడు. నిలబడ్డాడు. ముక్కవద్దని చెప్పారు కాబట్టి ముక్కలేదు. ఏం చెయ్యాలో తెలియలేదు. బయట ఎవరూ మాట్లాడట్లేదు. ఊపిరి పీల్చడం కూడా ఆపినట్టున్నారు. ఆ నిశ్శబ్దం రాళ్లాయన ఈల కంటే ఎక్కువ వినపడింది. కాసేపుండి, ఖాళీ చెంబుతో బయటికొచ్చాడు.

"పర్లేదు," అంది సిస్టరు. కానీ ఆమె మళ్లీ స్కానరు తెచ్చేసరికి కింది పెదవి పళ్ల కింద ఉంది. అతను చూశాడు. బకెట్టు నిండుతోంది. ఇంకాస్త నిండితే పాత కథే.

అప్పుడే వరండాలో బూట్ల చప్పుడు. కిందవాడు హెల్మెట్టు తీయకుండానే లోపలికొచ్చాడు. సైట్లో ఇనుము లారీ రాలేదట, గంట సేపు పని లేదట. నిజంగా లారీ రాలేదో, ఇతనే వచ్చేశాడో ఎవరూ అడగలేదు.

"ఏమైంది?"

"ఏమీ కాలేదు. అదే అయింది," అంది భార్య.

కిందవాడు అతని వైపు చూశాడు. ఆ ముఖం అతను ఎన్నోసార్లు పైనుంచి, అద్దంలోంచి, గోరంత సైజులో చూశాడు. గాలి ఎక్కువున్న రోజున, బరువు గాల్లో ఉండిపోయిన రోజున కింద ఆ ముఖం ఇలాగే ఉండేది. ఏమీ కానట్టు.

"పదరా."

"ఎక్కడికి?"

"పనికి."

మరుగుదొడ్డిలో చెయ్యి కడుక్కునే తొట్టి పైన ఒక అద్దం ఉంది. అతను చెంబు ముందు నిలబడితే ఆ అద్దంలో తలుపు కనపడుతుంది. కిందవాడు తలుపు తెరిచే ఉంచి, గడప మీద వీపు అటు తిప్పి నిలబడబోయి, మళ్లీ ఇటు తిరిగాడు.

"సిగ్గుపడకు. నేను నీ మొహమే చూస్తా. నువ్వు నా చెయ్యి చూడు."

"ఏం చేస్తున్నారు వీళ్లిద్దరూ?" అన్నాడు వెనకనుంచి రాళ్లాయన.

"బ్లైండ్ లిఫ్ట్," అంది సిస్టరు.

అద్దంలో ఎడమ అరచేయి బోర్లా లేచింది. దాని కింద చూపుడువేలు నేలవైపు దిగి, మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. నెమ్మదిగా దించు.

అతను ఆ వేలు చూశాడు. కుడి చెయ్యి దానంతటదే కొంచెం ముందుకు వచ్చింది, మీట ఉండే చోటికి. అక్కడ మీట లేదు. వేళ్లు మాత్రం దాన్ని పట్టుకున్నట్టే వంగి, కొద్దికొద్దిగా వదిలాయి. భుజాలు దిగాయి. దవడ వదులైంది. పొట్ట వదులైంది. ఎప్పటినుంచో బిగించి ఉంచినది ఇంకెక్కడో ఉందని, అదీ ఇలాగే వదలొచ్చని అతనికి ఆ క్షణం దాకా తెలియదు.

వేలు తిరుగుతూనే ఉంది. తొందరపడలేదు.

చెంబులో టప్పుమని ఒక చుక్క పడింది.

వరండాలో ఎవరో "హా" అన్నారు. కిందవాడు ముఖం తిప్పకుండానే రెండో చేత్తో వెనక్కి ఆపు అని కోశాడు. వరండా నోరు మూసుకుంది. వేలు మళ్లీ తిరిగింది. రెండు చుక్కలు. ఆగింది. ఇంకో నాలుగు. ఆ తర్వాత సన్నగా ధార మొదలై, తెగి, మళ్లీ అందుకుని, లావైంది. చెంబు చప్పుడు మారింది. ఖాళీ గిన్నె చప్పుడు పోయి, నిండే గిన్నె చప్పుడొచ్చింది. అతను కిందికి చూడలేదు. అద్దమే చూస్తున్నాడు.

ధార సన్నబడ్డాక కిందవాడు రెండు చేతులూ పొట్ట ముందు కలిపాడు. అలాగే ఉండు. ఇద్దరూ అలాగే ఉన్నారు. కాసేపటికి మళ్లీ అరచేయి, మళ్లీ వేలు. మళ్లీ కొంచెం వచ్చింది.

చెయ్యి పక్కకు చాచి కోశాడు. ఆపు. బరువు నేల చేరింది.

అతను రెండు చేతులతో చెంబు పట్టుకుని బయటికొచ్చాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు ముందు. సిస్టరు చెంబు తీసుకుని వెలుగుకి ఎత్తి గీతలు చూసి, కింద పెట్టి, స్కానరు ఆనించింది. అందరూ ఆమె ముఖం వైపే చూశారు. పెదవి పళ్ల కింద నుంచి బయటికొచ్చింది.

"లోపల మిగిలింది కొంచెమే," అంది. "చాలా కొంచెం. ట్యూబు అక్కర్లేదు బాబాయ్."

అప్పుడు రాళ్లాయన తన సీసా గలగలలాడించాడు. పక్క మంచాలవాళ్లు పళ్లేల మీద చెంచాలు కొట్టారు. అవతలి వార్డు సిస్టరు ఎవరికి ఏమైందోనని పరిగెత్తుకొచ్చింది. అతని భార్య స్టూలు మీద కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది.

"కన్నీళ్లా పిన్నీ?"

"చెమటమ్మా. ఈయన ఉచ్చ పోస్తే నాకు చెమట పడుతుందని నాకేం తెలుసు!"

రాళ్లాయన కొడుకు మూడోసారి వచ్చాడు. ఈసారి తండ్రి లేచి సంచి భుజాన వేసుకున్నాడు. పోతూ పోతూ, "మీకు చూపించుకోడానికి ఏమీ మిగల్లేదే పాపం," అన్నాడు.

ఆ రోజంతా సిస్టరు గడియారం చూసి పంపించింది. తర్వాతిసారి కిందవాడు లేడు. అద్దంలో ఖాళీ గుమ్మం కనపడింది. అతను కళ్లు మూసుకున్నాడు. అరచేయి, దాని కింద వేలు కనపడ్డాయి. చీకటి పడేలోగా సిస్టరు పంపించకముందే ఒకసారి తానే లేచి వెళ్లాడు.

"వచ్చినట్టు అనిపించిందా?" ఆమె ఆశగా అడిగింది.

"లేదు. టైమైంది కదా అని."

మర్నాడు అతన్ని ఇంటికి పంపించారు. బయల్దేరేటప్పుడు వరండాలో ఆగాడు. స్టడీలో ముందు ఫెయిలై, నడుముకు సంచితో తిరుగుతున్న బస్సు డ్రైవరు పిలిపించగానే వచ్చాడు. ఆ రోజే ట్యూబు తీశారు. మరుగుదొడ్డి గుమ్మంలో చిన్న డాక్టరు నిలబడి, అద్దం వైపు తిరిగి, ఎడమ అరచేయి బోర్లించి కుడి వేలు తిప్పుతున్నాడు.

"ఇదేంటి డాక్టరు గారూ?" లోపలినుంచి బస్సు డ్రైవరు గొంతు.

"బ్రేకు వదలమని."

"బ్రేకు వదిలితే బండి దొర్లుతుందండీ!"

"దొర్లనివ్వండి."

అతను చూస్తూ నిలబడ్డాడు. చిన్న డాక్టరు వేలు మరీ వేగంగా తిరుగుతోంది. అతను దగ్గరికెళ్లి, ఆ మణికట్టు పట్టుకుని, తిప్పాల్సిన వేగంలో రెండు చుట్లు తిప్పి వదిలాడు. చిన్న డాక్టరు తలూపి ఆ వేగంలోనే తిప్పసాగాడు. అతను మెట్లు దిగుతుంటే వెనక నుంచి, "థాంక్స్ అండీ," అని వినపడింది.

*

కంపెనీ డాక్టరు అతని చేత గుంజీలు తీయించి, నిచ్చెన ఎక్కించి దించి, మేడమ్ ఇచ్చిన కాగితం రెండుసార్లు చదివి సరేనన్నాడు. ఆ వారంలోనే అతను క్యాబిన్‌లో కూర్చున్నాడు. సీటు ముందుకు జరిపి ఉంది. వెనక్కి జరుపుకున్నాడు. పక్కన నీళ్ల సీసా పెట్టుకున్నాడు, నిండుగా. కింద గోరంత మనిషి వేలు పైకెత్తి సున్నా చుట్టాడు.

పొద్దు కొంచెం ఎక్కేదాకా పని మామూలుగా సాగింది. కాంక్రీటు బకెట్లు ఒకదాని వెంట ఒకటి గోడ అవతలికి దిగాయి. ఒక్కటీ ఊగలేదు. ఇసుక మోసే ఆడవాళ్లలో ఒకామె తలెత్తి, "పైవాడొచ్చాడే!" అంది. అతను వినలేదు కానీ చెయ్యెత్తడం చూశాడు.

ఒక బకెట్టు దిగి, కొక్కెం ఖాళీ అయ్యాక కిందవాడు వాచీ చూసుకున్నాడు. చెయ్యి పక్కకు చాచి, అరచేయి నేలవైపు పెట్టి, కోశాడు.

ఆపు.

అతను ఆపాడు. తాళం తిప్పాడు. క్రేన్ మోగడం మానేసింది. సైటు మీద ఎప్పుడూ లేని నిశ్శబ్దం పడింది.

ఇంజనీరు ప్లాన్లు చంకలో పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఎందుకాపావు? ఏమైంది?"

"ఆపు సిగ్నలిచ్చా."

"ఎందుకిచ్చావంటున్నా. ఏం తెగింది?"

"ఏమీ తెగకుండా ఇచ్చా."

"ఎత్తమను!"

"ఆపు ఇచ్చినవాడే మళ్లీ ఎత్తమనాలి సార్. ఇంకెవరన్నా ఎత్తకూడదు. మీరు పెట్టించిన బోర్డే," అంటూ కిందవాడు గేటు పక్కన వేలాడే పచ్చ బోర్డు వైపు చూపించాడు. అందులో సైగలన్నీ బొమ్మలతో ఉన్నాయి. వాటి కింద ఇంజనీరు సంతకం ఉంది.

"కాంక్రీటు గడ్డకడుతుంది!"

"ఈలోగా కట్టదు. కట్టినా పగలగొట్టుకోవచ్చు. మనిషి గడ్డకడితే డాక్టర్లక్కూడా కష్టం."

పైన క్యాబిన్ తలుపు తెరుచుకుంది. మనిషి ఒకడు వీపు ఇటు పెట్టి, ఒక్కో మెట్టూ దిగుతూ వస్తున్నాడు. తొందరపడట్లేదు. ఇసుక మోసేవాళ్లు గంపలు దించి చూస్తున్నారు. ఇనుము వంచేవాళ్లు చూస్తున్నారు. ఇంజనీరు కూడా, తిట్టడానికి తెరిచిన నోరు అలాగే ఉంచి, చూస్తున్నాడు. పట్టపగలు, పని మధ్యలో, పైవాడు కిందికి దిగడం ఆ సైట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

అతను నేల మీద కాలు పెట్టి, ఎవరివైపూ చూడకుండా గేటు పక్కనున్న రేకుల మరుగుదొడ్డి వైపు నడిచాడు. లోపలికెళ్లి తలుపు వేసుకున్నాడు.

తర్వాత ఇసుక మోసే ఆమె చేతులు దులుపుకుని ఆడవాళ్లవైపు తలుపు దగ్గరికి నడిచింది. ఆమె వెనక ఇంకొకామె. ఆ వెనక ఇద్దరు. ఇనుము వంచేవాళ్లు ఒకరినొకరు చూసుకుని లేచారు. సిమెంటు కలిపేవాడు లేచాడు. పని ఎలాగూ ఆగిందిగా అన్నట్టు ఒక్కొక్కరే వచ్చి రెండు తలుపుల ముందు వరస కట్టారు.

తలుపు తెరుచుకుంది. అతను బయటికొచ్చి, వరస చూసి ఆగాడు. చేతులు కడుక్కుని, పాంటుకి తుడుచుకుంటూ నిచ్చెన దగ్గరికొచ్చాడు. అక్కణ్ణుంచి కిందవాడి వైపు తిరిగి, ఎడమ అరచేయి బోర్లించి, కుడి వేలు దాని కింద మెల్లగా రెండు చుట్లు తిప్పి, ఆపు అని కోశాడు. పనైంది.

కిందవాడు హెల్మెట్టు సర్దుకున్నాడు. కానీ వెంటనే ఎత్తమని సైగ ఇవ్వలేదు. వరస ఇంకా పూర్తి కాలేదు. రెండు చేతులూ పొట్ట ముందు కలిపి పట్టుకుని నిలబడ్డాడు.

ఇంజనీరు అతని చేతుల వైపు చూశాడు. బోర్డు వైపు చూశాడు. వాచీ చూసుకున్నాడు. తర్వాత ప్లాన్లు ఇటుకల మీద పెట్టి, అవి ఎగిరిపోకుండా ఒక ఇటుక ఎత్తి పెట్టి, వెళ్లి వరస చివర నిలబడ్డాడు.